ఏ సెక్షన్ కింద ఆపారో కూడా అచ్చేయండి

సంపాదకులకు,

ఏ సంఘమైనా ‘చలో విజయవాడ’ అని పిలుపిస్తే మర్నాటి జిల్లా పేజీలో ఒక చిన్న వార్త తప్పదు. ‘నేతల ముందస్తు అరెస్టు’ అనో, ‘పలువురి గృహ నిర్బంధం’ అనో శీర్షిక. ఎవరిని ఆపారు, ఏ స్టేషన్‌కు తరలించారు, సాయంత్రం ఎప్పుడు వదిలారు, అన్నీ ఉంటాయి. ఏ సెక్షన్ కింద ఆపారన్నది మాత్రం ఉండదు. ఆ ఒక్క ముక్క మీరు అడిగి అచ్చేస్తే ఈ నిర్బంధాల్లో చాలావాటికి కాళ్లుండవని మా నమ్మకం.

గృహ నిర్బంధం సంగతే చూడండి. పోలీసులు తమంతట తాము ఒక మనిషిని ఇల్లు కదలొద్దని కాపలా పెట్టే అధికారం అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో లేదు, దానికి ముందున్న సీఆర్‌పీసీలోనూ లేదు. రిమాండుకు బదులు కోర్టు గృహ నిర్బంధం విధించవచ్చని 2021లో గౌతమ్ నవ్‌లఖా కేసులో సుప్రీంకోర్టు అన్నది. అది కోర్టు చేయాల్సిన పని. తెల్లారకముందే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న కానిస్టేబుల్‌కు ఆ తీర్పు వర్తించదు. అయినా ఈ పద్ధతి ఎందుకు సాగుతోందంటే, దీనికి కాగితం లేదు. కాగితం లేదు కాబట్టి కోర్టులో సవాలు చేయడానికి ఏమీ దొరకదు. నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే హెబియస్ కార్పస్ పిటిషన్ హైకోర్టులో వేద్దామని అమరావతికి కాగితాలు సిద్ధం చేసేలోగా పొద్దుగూకుతుంది, కాపలా లేచిపోతుంది, పిటిషన్‌కు అర్థం లేకుండా పోతుంది. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ కోసం ఉద్యోగులు, ఉపాధ్యాయులు విజయవాడ బయల్దేరినప్పుడు రాష్ట్రమంతా చూసింది ఇదే.

కాగితం ఇచ్చినప్పుడైనా సరైన కాగితం ఇస్తున్నారా? పాత సీఆర్‌పీసీలో 151, ఇప్పటి సంహితలో 170 సెక్షన్ కింద వారంటు లేకుండా అరెస్టు చేయాలంటే రెండు షరతులు ఉన్నాయి. ఆ మనిషి కాగ్నిజబుల్ నేరం, అంటే వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం చేయబోతున్నాడని అధికారికి తెలిసి ఉండాలి, అరెస్టు తప్ప దాన్ని ఆపే దారి మరొకటి ఉండకూడదు. ధర్నాకు వెళ్లడం నేరం కాదు. పైగా ఆ అరెస్టు ఇరవై నాలుగు గంటలు దాటకూడదు. నోటీసు ఇచ్చి వెనక్కి పంపే ఏర్పాటు ఆ సెక్షన్‌లో లేనే లేదు. 2020 ఫిబ్రవరి 27న మన విశాఖ విమానాశ్రయంలో చంద్రబాబు నాయుడి చేతికి ఇచ్చింది అలాంటి నోటీసే. 151 కింద నోటీసు ఎలా ఇచ్చారని హైకోర్టు పోలీసులను నిలదీసింది. అదే విమానాశ్రయంలో 2017 జనవరి 26న, ప్రత్యేక హోదా కోసం బీచ్‌లో కొవ్వొత్తుల ర్యాలీకి వచ్చిన జగన్‌మోహన్ రెడ్డిని ఆపి హైదరాబాద్ పంపేశారు. అధికారం మారినప్పుడల్లా ఆపేవాళ్లూ ఆగేవాళ్లూ తారుమారయ్యారు, పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు. హోదా ఉన్నవాళ్ల గతే ఇదైతే అంగన్‌వాడీ కార్యకర్తను, కాంట్రాక్టు కార్మికుణ్ణి ఎవరు పట్టించుకుంటారు?

‘నగరంలో సెక్షన్ 30 అమలు’ అని మీరు తరచూ వేసే వార్త కూడా పాఠకులను తప్పుదారి పట్టిస్తోంది. 1861 నాటి పోలీసు చట్టంలోని ఆ సెక్షన్ ఊరేగింపులకు, సభలకు లైసెన్సు అడగమని చెప్పి, షరతులు పెట్టడానికి ఉద్దేశించినది. గుంపుగా కనిపిస్తేనే నేరమన్నట్టు దాన్ని చదవడం కుదరదు. షరతులు ఉల్లంఘిస్తే 32వ సెక్షన్ ప్రకారం పడే జరిమానా రెండు వందల రూపాయలకు మించదు. వీధుల్లో సభలను క్రమబద్ధం చేయవచ్చు గానీ మొత్తానికే నిషేధించే అధికారం లేదని సుప్రీంకోర్టు 1972లోనే హిమ్మత్‌లాల్ షా కేసులో చెప్పింది. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తర్వాత ఇదే సెక్షన్ 30ని ఆధారం చేసుకుని రోడ్లపై సభలను కట్టడి చేస్తూ 2023 జనవరి 2న తెచ్చిన జీవో నంబర్ 1ని మన హైకోర్టు అదే ఏడాది మే 12న కొట్టేసింది.

అసలు భయం బైండోవర్‌ది, అంటే శాంతిగా ఉంటానని ముందే పూచీకత్తు రాయించుకోవడానిది. గేటు దగ్గర కాపలా ఒక్కరోజుతో పోతుంది, బైండోవర్ ఏడాది వెంటాడుతుంది. నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 126 కింద శాంతికి భంగం కలుగుతుందన్న సమాచారం మీద ఏడాది వరకు, 129 కింద అలవాటుగా నేరాలు చేసేవారన్న పేరుతో మూడేళ్ల వరకు పూచీకత్తు రాయించుకోవచ్చు. మండలాల్లో ఈ పని తహశీల్దార్ చూస్తారు. కమిషనరేట్లలో ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ అధికారాలను పోలీసు కమిషనర్‌కే కట్టబెట్టే వీలు చట్టంలోనే ఉంది. ఫిర్యాదు పోలీసులది, విచారణా పోలీసులదే అయిన చోట సామాన్యుడికి మిగిలే రక్షణ చట్టం చెప్పిన క్రమమొక్కటే. 130 ప్రకారం ముందు రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. అందిన సమాచారం సారాంశం, పూచీకత్తు మొత్తం, గడువు, ఎందరు జామీనుదారులు కావాలో అందులో రాయాలి. సమన్లతోపాటు దాని నకలు చేతికివ్వాలి. ఆ తర్వాత 135 కింద ఆ సమాచారం నిజమో కాదో సాక్ష్యం తీసుకుని తేల్చాలి. ఆరు నెలల్లో తేలకపోతే, ప్రత్యేక కారణాలు రాసి పొడిగిస్తే తప్ప, విచారణ దానంతటదే ముగుస్తుంది.

జరుగుతున్నది వేరు. అచ్చు ఫారంలో పేరు మాత్రం పెన్నుతో నింపుతారు. ‘శాంతిభద్రతలకు విఘాతం కలిగించే అవకాశం ఉందని తెలిసింది’ అన్న వాక్యమే అందరికీ, తేదీ ఉండదు, సంఘటన ఉండదు, సాక్షి ఉండడు. సంతకం పెట్టి ఇంటికెళ్లమంటారు. పెట్టకండి. విచారణ మొదలవకుండా మధ్యంతర పూచీకత్తు అడగడం చెల్లదని మధు లిమాయే కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1970లో తేల్చింది. పూచీకత్తు సొమ్ము మితిమీరి ఉండకూడదని కూడా చట్టంలో ఉంది, ఎందుకంటే కట్టలేని పేదవాడు 141 కింద జైలుకే పోతాడు.

దీని దెబ్బ ఆ ఒక్కడితో ఆగదు. కేంద్ర ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, నిర్బంధంలో ఉన్నారా, బైండోవర్ అయ్యారా అన్న ప్రశ్నలుంటాయి. దాచినట్టు తేలితే ఉద్యోగానికే ముప్పు. ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్లో ఒక కుర్రాడికి బైండోవర్ పడితే జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గరికి రావాల్సిన పదిమంది తల్లిదండ్రులు ఊళ్ల నుంచి ఫోన్లు చేస్తారు, మనకెందుకొచ్చిన గొడవని. లాఠీ ఎత్తకుండానే వీధి ఖాళీ అవుతుంది.

పోలీసులు గుమ్మంలోకి వస్తే మొదట అడగాల్సింది, ఇది అరెస్టా కాదా అని. అరెస్టయితే అదే సంహిత సెక్షన్ 36 కింద అరెస్టు మెమో రాయాలి, ఇంటివాళ్లో, ఆ వీధిలో పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. 47 కింద కారణం చెప్పాలి, 48 కింద బంధువుకు తెలపాలి. ఆడవాళ్లను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయాలంటే అసాధారణ కారణం, మెజిస్ట్రేట్ అనుమతి, మహిళా అధికారి కావాలి. అరెస్టు కాదంటే ఏ ఉత్తర్వు మీద ఆపుతున్నారో రాసిమ్మనండి. తోపులాటకు మాత్రం దిగొద్దు. విధులకు అడ్డుపడి చేయి చేసుకున్నారని భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 132 పెడితే అది నాన్‌బెయిలబుల్. పోలీసు ఆదేశం పాటించకపోతే ఇరవై నాలుగు గంటల వరకు నిర్బంధించే సెక్షన్ 172 నాగరిక్ సురక్షా సంహితలో కొత్తగా వచ్చింది, కానీ ఆ ఆదేశం చట్టబద్ధమైనదై ఉండాలని అందులోనే ఉంది. విచారణకు హాజరుకమ్మంటూ వాట్సాప్‌లో వచ్చే సెక్షన్ 35 నోటీసు చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది.

పొద్దంతా స్టేషన్లో కూర్చోబెట్టి ఏమీ రాయకుండా పంపితే, స్టేషన్లో రోజూ జరిగేవి రాసే జనరల్ డైరీలో ఆనాటి పేజీల నకలు, సీసీ కెమెరా దృశ్యాలు సమాచార హక్కు కింద వెంటనే అడగాలి. దృశ్యాలను పద్దెనిమిది నెలలు భద్రపరచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. లాయరు ఫీజు భరించలేనివారు 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

నిషేధాజ్ఞలను బహిరంగంగా ప్రకటించి తీరాలని 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నగర పోలీసులు సెక్షన్ 163 (పాత 144), సెక్షన్ 30 ఉత్తర్వులన్నిటినీ గడువు తేదీలతో సహా తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. మీ విలేకరులకు మా విన్నపం ఒక్కటే. స్టేషన్ దగ్గర ఫొటో తీసుకునేటప్పుడే ఏ సెక్షన్, ఎన్ని గంటలకు, మెమో రాశారా, డైరీలో ఎక్కించారా అని ఎస్సైని అడగండి. జవాబు రాకపోతే ‘ఏ సెక్షన్ కింద ఆపారో పోలీసులు చెప్పలేదు’ అని ఆ వాక్యాన్నే అచ్చేయండి.

ఇట్లు,
కొందరు న్యాయవాదులు, విశాఖపట్నం