ముందు ప్రింట్ల దగ్గర ఆగు

అమ్మలూ,

ఆదివారం ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ పిల్లల ప్రదర్శన చూడ్డానికి వెళ్తానన్నావు కదా. అన్నిటినీ గబగబా చూసేసి రాకు. హాలంతా ఒక చుట్టు తిరిగి, నిన్ను వెనక్కి లాగిన రెండు మూడు బొమ్మల దగ్గరే నిలబడు. వాటిలో ఒక ప్రింటు, అంటే పలక మీద బొమ్మ చేసి, సిరా పూసి కాగితం మీద అచ్చు తీసింది, ఉంటే నాకు మరీ సంతోషం. చేసిన వాళ్లు పడ్డ పాట్లన్నీ ప్రింటు మీద కనిపిస్తాయి.

కింద పెన్సిలుతో 3/10 అని ఉంటే, మొత్తం పది కాపీల్లో అది మూడోది. బొమ్మ చుట్టూ కాగితం నొక్కుకుపోయి ఉంటే ఎచింగ్ (రేకు మీద గీతల్ని ఆమ్లంతో తొలిచి అచ్చు తీసేది) అయ్యుండొచ్చు. తడి కాగితాన్ని రేకు మీద పెట్టి ప్రెస్సులో గట్టిగా నొక్కితే పడే ఆనవాలది. మెత్తటి లినోలియం పలకను చెక్కి అచ్చు తీసే లినోకట్‌లో అంత గుంట పడదు.

లినోకట్‌లో నల్లటి భాగాన్ని కాస్త పక్కనుంచి చూడు. ఉప్పు చల్లినట్టు తెల్లటి నలుసులుంటే సిరా గానీ ఒత్తిడి గానీ చాలలేదు. సన్నగీతలు పూడిపోతే సిరా ఎక్కువైంది. సిరా పూసే రోలరు దొర్లిస్తుంటే చిటపటమని సన్నగా చప్పుడు రావాలి, జిగటగా పిచపిచలాడకూడదు.

రంగుల లినోకట్ కనబడితే అక్కడ ఎక్కువసేపు ఉండు. ఒకే పలకతో చేసే పద్ధతిలో ముందు లేత రంగు వేస్తారు. ఆ రంగు మిగలాల్సిన చోటు చెక్కేసి, పైన ముదురు రంగు వేస్తారు. చెక్కేసింది మళ్లీ రాదు. అందుకే పది కాపీలు కావాలంటే, కొన్ని పాడైనా సరిపోయేలా మొదటి రంగే పదమూడు పద్నాలుగు కాగితాల మీద వేసుకోవాలి. బొమ్మలో ఒక పడవ ఉందనుకో, దాని అంచున సన్నగా పసుపు చార బయటపడిందంటే, రెండో రంగప్పుడు కాగితం కొంచెం జరిగింది. వెంటనే తప్పని రాసేసుకోకు. ఒక్కోసారి ఆ చారే పడవను నీళ్లమీద కదిలిస్తుంది. నాకైతే అలాంటి చారలంటే ఇష్టం.

నీటిరంగుల బొమ్మలకు మన సముద్రపు గాలే శత్రువు. కాగితం తేమ పీల్చి అలలు తేలుతుంది, పలచటిదైతే మరీను. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) మందపాటి కాగితం అయితే కాస్త తట్టుకుంటుంది. బొమ్మకూ అద్దానికీ మధ్య మౌంటు బోర్డుతో (బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట) సందు వదిలారో లేదో చూడు. అద్దానికి అంటుకుంటే బూజు పడుతుంది.

నోట్సులో "బాగుంది" అని రాయకు. బొమ్మను అగ్గిపెట్టెంత గీసుకుని, ఎక్కడ ముదురు, ఎక్కడ లేత అని గుర్తుపెట్టుకో. వేసిన వాళ్లు అక్కడే ఉంటే అర్థమేంటని అడగొద్దు. ఏ భాగం మళ్లీ చేయాల్సి వచ్చిందో అడుగు, మొహం వెలిగిపోతుంది. ఫొటో తీసే ముందు అడిగి తీయి, ఫ్లాష్ వద్దు.

నువ్వు గీసుకొచ్చిన అగ్గిపెట్టె బొమ్మలు నాకు పంపించు.

నాన్న