మన సంఘం 2024–25 వార్షిక నివేదిక: అడవిలో ఒంటరి పని, రక్షణ ఏర్పాట్లు

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని నియమావళిలో ఉంది కాబట్టి చదువుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. చంద్రగిరి, భాకరాపేట, మామండూరు వైపు శేషాచలం అంచున ఉన్న ఊళ్లలో మేకలు తోలుకుపోయేవాళ్లు, చింతకాయ, కుంకుడుకాయ, ఉసిరికాయ తెచ్చేవాళ్లు, చీపురు పుల్ల కోసేవాళ్లు, రాత్రిపూట చేని కాపలాకు పోయేవాళ్లు ఎక్కువమంది ఒక్కరే పోయి ఒక్కరే వస్తారు. జంటగా పొమ్మని చెప్పడం సులువు. రెండో మనిషి కూలి ఎవరిస్తారు? అందుకే ఈ ఏడాది కార్యవర్గం ఆ ఉపదేశం పక్కనబెట్టి, ఒంటరిగా పోయిన మనిషి సాయంత్రానికి ఇల్లు చేరడానికి ఏమేం కావాలో వాటి మీదే పనిచేసింది.

ముందు కృతజ్ఞతలు. చివర్లో చెబితే సగం మంది లేచిపోయి ఉంటారు. ఈ ఏడాది పెట్టిన రక్షణ శిక్షణ శిబిరానికి బడి ఆవరణ ఇచ్చిన ప్రధానోపాధ్యాయులకు, సెలవు రోజు కూడా వచ్చి కట్టు కట్టడం నేర్పిన 108 టెక్నీషియన్‌కు, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లను పిలుచుకొచ్చిన ఆశా కార్యకర్తలకు, అందరికీ సాంబారన్నం వండిన పొదుపు సంఘం అక్కలకు, ఎర్ర గుడ్డతో భుజం సంచులు కూలి తీసుకోకుండా కుట్టిన దర్జీ అన్నకు, పాలకేంద్రంలో మన రిజిస్టరుకు చోటిచ్చిన ఏజెంటుకు, జంతువుల జాడలు చూపించడానికి ముసలితనంలో కూడా గుట్ట ఎక్కిన రిటైరైన ఫారెస్టు వాచరు పెద్దాయనకు సంఘం రుణపడి ఉంది. విజిళ్లకు డబ్బిచ్చిన దాత పేరు చెప్పొద్దన్నారు. చెప్పడం లేదు, అందరికీ తెలిసిందే.

రిజిస్టరు

ఈ ఏడాది మనం చేసిన వాటిలో అన్నిటికంటే చవకైనదీ, అన్నిటికంటే పనికొచ్చేదీ అడవికి పోయేముందు వివరాలు రాసిపెట్టే ఈ రిజిస్టరే. పాలకేంద్రంలోనే ఎందుకంటే పొద్దున పాలు పోసి అటే అడవికి పోతారు, సాయంత్రం పాలవేళకు తిరిగి వస్తారు. రాయాల్సినవి ఆరే: పేరు, ఫోను నంబరు, పోయే చోటు, బయల్దేరిన గంట, తిరిగి వచ్చే గంట, చొక్కా లేదా చీర రంగు. చోటు రాసేటప్పుడు 'అడవి' అని రాస్తే ఏమీ రాయనట్టే. ఏ కోన, ఏ వంక, ఏ బండ, ఏ దారిన ఎక్కి ఏ దారిన దిగుతారో రాయాలి. దారి మార్చాల్సి వస్తే ఒక మెసేజ్ పెట్టాలి.

ఏడో గడి కూడా ఉంది. తిరిగి వచ్చాక కొట్టే టిక్కు. మన వ్యవస్థ చెడుతున్నది ఇక్కడే. క్షేమంగా ఇంటికి పోయి, అన్నం తిని, టీవీ ముందు కూర్చున్న మనిషి కోసం పాలకేంద్రం కుర్రాళ్లు టార్చిలైట్లు పట్టుకుని వంకల వెంట తిరుగుతారు. ఇట్లా మూడుసార్లు జరిగితే నాలుగోసారి ఎవరూ కదలరు. నిజంగా కాలు విరిగి పడి ఉండేది ఆ నాలుగోసారి మనిషే కావచ్చు. కర్ర మరిచిపోతే మీ ఒక్కరికే నష్టం, టిక్కు మరిచిపోతే మీ తర్వాత పోయేవాళ్లందరికీ నష్టం.

తిరిగి వస్తామని రాసిన గంట దాటినా మనిషి రాకపోతే చేయాల్సిన పని గోడ మీద రాయించాం. అరగంటకు ఫోను, తర్వాత ఇంటికి కబురు. గంటకు ఇద్దరు కలిసి ఆ మనిషి ఎక్కిన దారి మొదటికి పోవాలి. బండి ఇంజను ఆపి, విజిల్ మూడుసార్లు ఊది, నిమిషం పాటు ఎవరూ మాట్లాడకుండా చెవి పెట్టాలి. వెతికేవాళ్లలో చాలామంది ఆగకుండా అరుస్తూనే ఉంటారు, అవతలివాడు ఇచ్చే జవాబు వాళ్ల అరుపుల్లోనే మునిగిపోతుంది. చీకటి పడితే ఫారెస్టు వాళ్లకు, 112కు చెప్పాలి. రాత్రి ఒక్కరు, ఇద్దరు దారి వదిలి లోపలికి పోకూడదు. పోతే వెతకాల్సిన తలలు పెరుగుతాయి, అంతే.

శిబిరం

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గ పని ఇదే. పొద్దున బడిలో పాఠం, మధ్యాహ్నం గుట్ట కింద మాక్ డ్రిల్. మన సభ్యుల్లో ఒకరు వంక మలుపులో పెద్ద బండ వెనక కూర్చున్నారు. మొదట ఆయన గొంతెత్తి అరిచారు. దారి మీద ఉన్నవాళ్లకు గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. అదే చోటి నుంచి విజిల్ ఊదితే పిల్లలు కూడా వేలు పెట్టి చూపించారు. అరుపు పది నిమిషాల్లో గొంతు ఎండగొడుతుంది, విజిల్‌కు ఊపిరుంటే చాలు.

పద్ధతి మరోసారి చెబుతున్నాను. ఆపదలో ఉన్న మనిషి నిమిషంలో ఆరుసార్లు, అంటే పది సెకన్లకు ఒకసారి ఊదాలి. తర్వాత ఒక నిమిషం ఆగాలి. మళ్లీ ఆరు. విన్నవాళ్లు నిమిషంలో మూడుసార్లు ఊది జవాబివ్వాలి. రాత్రి టార్చితో కూడా ఇదే లెక్క. విజిల్ లోపల గోలీ లేనిదే కొనాలి, గోలీ ఉన్నది తడిసినా దుమ్ము పట్టినా ఇరుక్కుంటుంది. మెడలో నైలాను తాడుతో వేసుకోవద్దు, కంపలో చిక్కుకుంటే అదే ఉరి. చొక్కా గుండీ రంధ్రానికి కట్టుకోండి. సంచిలో అడుగున పెట్టుకోవడం మాత్రం వద్దు. జారి పడినప్పుడు సంచి ఒకచోట, మనిషి ఒకచోట ఉంటారు.

ఫోను గురించి చాలామందికి ఉన్న భ్రమ ఒకటి తొలగింది. కోనలో సిగ్నల్ ఉండదు. ఫోను దాన్ని వెతుక్కుంటూనే ఛార్జింగ్ అంతా తినేస్తుంది, మధ్యాహ్నానికి చచ్చిపోతుంది. లోపలికి దిగేముందు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. గట్టు ఎక్కినప్పుడు తీసి చూడండి. ఒక్క గీత సిగ్నల్‌లో కాల్ కలవకపోయినా మెసేజ్ పోతుంది. సిగ్నల్ లేకున్నా జీపీఎస్ పనిచేస్తుంది, ముందే దింపి పెట్టుకున్న మ్యాపులో మీరున్న చోటు కనపడుతుంది.

జంతువుల పాఠంలో ఎక్కువ ప్రశ్నలు చిరుత మీదే వచ్చాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో పాపను చిరుత చంపినప్పటి నుంచి ఆ భయం పోలేదు. తర్వాత దేవస్థానం వాళ్లు నడిచి పోయే భక్తులకు కర్రలిచ్చారు. కర్ర మంచిదే గానీ చిరుత విషయంలో అసలు సంగతి ఎత్తు. కూర్చున్న మనిషి, వంగిన మనిషి దాని కంటికి చిన్న జంతువు. పుల్ల కోయడం, గడ్డ తవ్వడం, బయటికి పోయి కూర్చోవడం, అన్నీ వంగి చేసే పనులే. కాబట్టి వీపు బండకో, పెద్ద చెట్టుకో ఆనించి, ముఖం తెరిపి వైపు పెట్టుకోండి. కొన్ని నిమిషాలకోసారి లేచి నిలబడి చుట్టూ చూడండి. ఎదురుపడితే పరిగెత్తవద్దు, వీపు చూపవద్దు, రాయి కోసం కూడా వంగవద్దు. చేతులు పైకెత్తి, తుండుగుడ్డ విప్పి పెద్దగా కనపడుతూ, గట్టిగా అరుస్తూ వెనక్కి అడుగులేయండి. కుక్క తోడుంటే ధైర్యం అనుకుంటారు. కుక్క చిరుతకు ఇష్టమైన మేత, చిరుతను చూసి ఆ కుక్క పరిగెత్తుకుంటూ వచ్చి దూరేది మీ కాళ్ల మధ్యకే.

ఎలుగొడ్డు లెక్క వేరు. అది మనల్ని వేటాడదు, ఉలిక్కిపడి మీద పడుతుంది. మలుపుల దగ్గర, గాలి ఎదురుగా వీస్తున్నప్పుడు, వంక నీళ్లు మోగుతున్న చోట మన రాక దానికి తెలియదు. అక్కడ దగ్గండి, పాడండి, కర్రతో బండ మీద కొట్టండి. తవ్విన పుట్ట కనిపిస్తే మట్టి చూడండి. తడిగా ఉంటే అది దగ్గర్లోనే ఉంది, వెనక్కి తిరగండి. చెట్టెక్కి తప్పించుకుందాం అనుకోవద్దు, అది మీకంటే బాగా ఎక్కుతుంది. మీద పడితే బోర్లా పడుకుని, ముఖం నేలకు ఆనించి, రెండు చేతులూ మెడ వెనక ముడివేయాలి. అది ముందు చీల్చేది ముఖాన్నే. సంచి వీపు మీదే ఉండనివ్వండి. అది పూర్తిగా పోయిందని తెలిసేదాకా కదలవద్దు.

పలమనేరు, కుప్పం వైపు నుంచి వచ్చిన అతిథి సభ్యులు ఏనుగుల గురించి చెప్పారు. కౌండిన్య అభయారణ్యం పక్కన ఉండేవాళ్లకు ఇది రోజువారీ సంగతి. వాళ్ల మాట ఒక్కటే: లద్దె వెచ్చగా ఉంటే, విరిగిన కొమ్మలో రసం కారుతుంటే ఆ రోజు ఆ దారి మానుకోండి. గున్న ఏనుగు కనపడితే తల్లి ఎక్కడుందో తెలిసేదాకా అడుగు ముందుకు వేయవద్దు. సెల్ఫీల కోసం వచ్చే కుర్రాళ్ల గురించి వాళ్లు అన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు.

పాముకాటు మీద మాత్రం ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే ఇప్పటికీ తాడు బిగించి కడుతున్నారు. కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. ఉంగరాలు, మెట్టెలు, గాజులు, పట్టీలు వెంటనే తీయండి, వాపు వచ్చాక అవే కోసుకుపోతాయి. కాటు పడ్డ కాలికి రెండు పుల్లలు పెట్టి, తుండుగుడ్డతో వదులుగా కట్టి కదలకుండా చేయండి. గంట ఎంతైందో చూసుకోండి. పామును చంపి తేవాల్సిన పని లేదు. మనకు దొరికే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి తయారైనదే. దాన్ని వెంటపడి రెండో కాటు తినవద్దు. ఒంటరిగా ఉంటే ముందు ఆరు విజిళ్లు, ఫోను. ఎవరూ వచ్చే దారి కాదని తేలితే అప్పుడు మెల్లగా, ఆగుతూ, బండి దారి వైపు దిగాలి. చేని కాపలా వాళ్లకు ఇంకొక మాట. కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు. రాత్రి నేల మీద పడుకుని తెల్లారి కడుపునొప్పి, రెప్పలు వాలడం, మింగలేకపోవడం ఉంటే గ్యాస్ అని సోడా తాగి కూర్చోవద్దు, నేరుగా తిరుపతి రుయా ఆస్పత్రికి పోవాలి. మంచం, చుట్టూ కిందికి దోపిన దోమతెర ఉంటే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. మనం దోమతెరలకు అర్జీ పెట్టి కూడా ఏడాది కావస్తోంది.

మూడు పనులు మాత్రం ఒంటరిగా చేయకూడదని కార్యవర్గం తీర్మానించింది: చెట్టెక్కడం, కొండతేనె తీయడం, నీళ్లున్న వంక దాటడం. చింతచెట్టు నుంచి పడి నడుం విరిగినవాడు విజిల్ అందుకోలేడు, అందుకే ఒక్కరే ఉన్నప్పుడు కింద నిలబడి దోటితో అందినంతే. వంక సంగతికి 2021 నవంబరు వరదలు గుర్తుచేస్తే చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన నెత్తిన ఎండ ఉన్నా పైన కొండల్లో వాన పడితే నీళ్లు ఒక్కసారిగా దిగుతాయి. నీళ్లు ఎర్రబడినా, పుల్లలు కొట్టుకొస్తున్నా పొద్దున దాటిన చోటే అయినా దాటవద్దు. అవతలే ఉండిపోండి. రిజిస్టరు ఉన్నది అందుకే.

ఎండాకాలానికి మనిషికి 4 లీటర్ల నీళ్లు తక్కువ కాకూడదు. పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం ఒక లీటరులో కలపాలి, అందాజాగా చిటికెలు వేస్తే లాభం లేదు. పక్కన మనిషి ఉంటే 'ఏందన్నా, తడబడతా ఉండావు' అని అడుగుతాడు. ఒంటరివాడికి తన మాట తడబడుతున్న సంగతే తెలియదు. అందుకే పన్నెండు నుంచి మూడు దాకా నీడన ఉండాల్సిందే.

మనుషుల వల్ల వచ్చే ముప్పు గురించి రాయడానికి మనసొప్పదు గానీ రాయాలి. అడవి పందుల కోసం చేని అంచున లాగే దొంగ కరెంటు తీగలకు రాత్రి నడిచే మనిషే బలి. గట్టు మీద తీగ కనపడితే కర్రతో కూడా తాకవద్దు, కరెంటోళ్లకు చెప్పండి. మేతలో ఉండగా గుండ్రటి మూట దొరికితే అది నాటుబాంబు కావచ్చు, పశువును తప్పించి కబురు పెట్టండి. ఎర్రచందనం దుంగలు మోసేవాళ్లు ఎదురైతే మనం పోలీసులం కాదు. ఫోటో తీయవద్దు, పలకరించవద్దు, పక్కదారిన దిగి కిందికి వచ్చాక చెప్పండి. అటవీ సిబ్బంది కేకేస్తే పరిగెత్తవద్దు. నిలబడి, మచ్చుకత్తి కింద పెట్టి, చేతులు కనపడేట్టు పేరు చెప్పండి. ఎర్ర సంచి కుట్టించింది దూరం నుంచే మనిషని తెలియడానికి. సంఘం కార్డు అడవిలోకి అనుమతి పత్రం కాదు, ఇది ఎన్నిసార్లు చెప్పినా కొందరికి ఎక్కడం లేదు.

జరగనివి

శిబిరానికి పేరిచ్చిన వాలంటీర్లలో సగం మంది రాలేదు. ఫోటో దిగే వేళకు మాత్రం వచ్చారు, భోజనానికి ఇంకొందరు తోడయ్యారు. సాయంత్రం రిజిస్టరు చూసే వంతుల పట్టిక వేశాం, రెండో నెలకే అది పాలకేంద్రం ఏజెంటు నెత్తిన పడింది. ఆయన జీతగాడు కాదు. దారి మొదట హెచ్చరిక బోర్డుల కోసం ఒక కార్యాలయానికి మూడు అర్జీలు ఇచ్చాం. మొదటిది కనపడలేదన్నారు, రెండోది పై ఆఫీసుకు పంపామన్నారు, మూడోదానికి రసీదు ఇచ్చారు. ఆ రసీదు లామినేషన్ చేయించి పెట్టాం. శిబిరానికి వస్తామని మాటిచ్చిన అధికారి కుర్చీ చివరిదాకా ఖాళీగానే ఉంది. దాని మీద ఆఖరికి అన్నం గిన్నె పెట్టుకున్నాం.

లెక్కలు

చందాలు, విరాళాలు వచ్చినవి వచ్చినట్టు, ఖర్చు అయినట్టు కోశాధికారి పుస్తకంలో ఉన్నాయి. ఎక్కువ ఖర్చు విజిళ్లకు, గుడ్డకు, టార్చి సెల్లులకు. బాకీ చందాల జాబితా చదవడం లేదు, గోడకు అంటించాం.

వచ్చే ఏడాదికి వంతుల పట్టిక కొత్తగా వేస్తున్నాం. ఈ సమావేశం ముగియకముందే, వారానికి ఒక సాయంత్రం చొప్పున ఏడుగురు పేర్లు కావాలి. రిజిస్టరు పాలకేంద్రం కిటికీ పక్కన ఉంది. పెన్ను దారంతో కట్టాం. దారం తెంపి తీసుకుపోయినవారు దయచేసి తిరిగి పెట్టగలరు.

ఇట్లు,
కార్యదర్శి