నంబరు ఉన్నన్నాళ్లూ ఇన్‌కమింగ్ ఆపొద్దు: కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ప్రీపెయిడ్ వ్యాలిడిటీ మీద ఇది నాలుగో విన్నపం. మొదటి మూడూ ప్రజా ఫిర్యాదుల పోర్టల్‌లో వేసినవి. మూడూ చుట్టూ తిరిగి, ఎవరి మీద ఫిర్యాదు చేశానో ఆ టెలికాం కంపెనీ బల్ల మీదికే వెళ్లాయి. "వినియోగదారుడికి ప్లాన్ వివరాలు తెలియజేశాం" అన్న ఒక్క ముక్కతో మూడింటినీ మూసేశారు. అయ్యా, మేం ప్లాన్ వివరాలు అడగలేదు. అవి మాకు కంఠతా వచ్చు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. నంబరు రద్దు కానంత కాలం ఆ నంబరుకు వచ్చే కాల్‌నీ, ఓటీపీనీ ఆపకండి.

2018 చివరి దాకా ఈ బాధ లేదు. సిమ్‌లో రూపాయి లేకపోయినా ఫోను మోగేది. ఆ తర్వాత "మినిమం రీఛార్జ్" వచ్చింది. ఒక కంపెనీ లెక్క తీసుకుంటే, మొదట 28 రోజులకు 35 రూపాయలు. 2021లో 79, అదే ఏడాది చివరికి 99, ఆ తర్వాత సర్కిల్ (టెలికాం ప్రాంతం) వెంట సర్కిల్‌గా 155. 2024 జులై పెంపుతో 199. ఆ 199 ప్యాకులో అన్‌లిమిటెడ్ కాల్స్ ఉన్నాయి, 2 జీబీ డేటా ఉంది, కాదనను. కానీ కొడుకు ఫోను చేస్తే ఎత్తడానికీ, బ్యాంకు మెసేజ్ రావడానికీ మాత్రమే కీప్యాడ్ ఫోను ఉంచుకున్న ముసలావిడకు ఆ 2 జీబీ దేనికి పనికొస్తుంది? ఆమె కొనేది వ్యాలిడిటీ ఒక్కటే. ఆ వ్యాలిడిటీ ధర ఆరేళ్లలో ఐదున్నర రెట్లు దాటింది.

ధరల సంగతి ఎత్తగానే "ప్రపంచంలో అతి చవక డేటా మన దగ్గరే" అని జవాబు వస్తుంది. ఒక్క జీబీ కూడా వాడని వాళ్ల గోడుకు జీబీ ధర చెప్పడం జవాబు ఎలా అవుతుందండీ? దేశంలో దాదాపు 15 కోట్ల మంది ఫీచర్ ఫోన్ల మీదే ఉన్నారని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయే లెక్కగట్టింది. వాళ్ల కోసమే 2024 డిసెంబరు 23న నిబంధన మార్చింది: డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే కనీసం ఒక ప్యాకు ఉండాలని, వ్యాలిడిటీ 365 రోజుల దాకా ఇవ్వొచ్చని. మంచి నిబంధన. ధర మాత్రం కంపెనీల ఇష్టానికి వదిలేశారు. ఏం జరిగిందో చూడండి.

2025 జనవరిలో ఒక పెద్ద కంపెనీ, 84 రోజులకు 6 జీబీతో 509కి అమ్ముతున్న ప్యాకులోంచి డేటా మొత్తం తీసేసి 499 చేసింది. 6 జీబీ విలువ పది రూపాయలన్న మాట. గోల లేచాక 469కి దిగింది. ఇంకో పెద్ద కంపెనీ 365 రోజులకు 1,958 పెట్టి, కొద్ది రోజులకే 1,748కి తగ్గించింది. 210 రూపాయలు తగ్గిందని వార్తలొచ్చాయి. తగ్గించిన ప్యాకు గడువు 336 రోజులు! అంటే 29 రోజులు కూడా కోసేశారు. పాత ధర లెక్కనే 336 రోజులకు 1,802 అవుతుంది కాబట్టి నిజంగా తగ్గింది 54 రూపాయలు. చిన్న లెక్కే ఇది. ఒక్క టీవీ చానెల్ అయినా చేసి చూపించి ఉంటే బాగుండేది.

336 అంటే పన్నెండు ఇరవయ్యెనిమిదులు. నెల అంటే 28 రోజులు అని ఎవరు తీర్మానించారో గానీ, ఆ లెక్క మీద ఏడాదికి 13 రీఛార్జ్‌లు పడుతున్నాయి. 199 ప్యాకు మీద పదమూడోది అచ్చంగా అదనం. 30 రోజుల ప్యాకు ఒకటీ, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్యాకు ఒకటీ ఉండి తీరాలని 2022 జనవరిలోనే ట్రాయ్ ఆదేశించింది. ఉన్నాయి. జాబితాలో అడుగున ఉన్నాయి. యాప్ తెరవగానే కనిపించేవి రోజుకు ఒకటిన్నర జీబీ, 2 జీబీ ప్యాకులే. పింఛను డబ్బుతో బతికేవాళ్లకు 84 రోజుల సొమ్ము, ఏడాది సొమ్ము ఒక్కసారే కట్టడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. డేటా లేని ప్యాకు నెల గడువుకు దొరికితేనే వాళ్లకు ఉపయోగం.

ఇక 20 రూపాయల సంగతి. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, మన్నించండి, జనం మోసపోయింది ఇక్కడే.

అదే 2025 జనవరిలో "20 రూపాయలుంటే చాలు, సిమ్ 120 రోజులు యాక్టివ్, ట్రాయ్ కొత్త రూల్" అని చానెళ్లు, వెబ్‌సైట్లు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు హోరెత్తించాయి. అది కొత్త రూలు కాదు, 2013 నాటిది. పాతదేనని ప్రభుత్వం వివరణ ఇచ్చేసరికి ఆ వీడియోలు ఊరూరా తిరిగేశాయి. ఆ మాట నమ్మి రీఛార్జ్ మానేసినవాళ్ల ఫోన్లు మూగబోయాయి.

రూలు చెప్పేది ఇది. 90 రోజుల పాటు కాల్, మెసేజ్, డేటా ఏ వాడకమూ లేకపోతే నంబరు తీసేయొచ్చు. కానీ మెయిన్ బ్యాలెన్స్‌లో (ప్యాకు కాకుండా విడిగా ఉండే సొమ్ములో) 20 రూపాయలు గానీ అంతకు మించి గానీ ఉంటే తీసేయకూడదు. 20 కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. 20కి తక్కువైతేనే నంబరు పోతుంది, అప్పుడు కూడా 15 రోజులు గడువివ్వాలి. ఇదంతా నంబరు పోకుండా కాపాడుకోవడానికి మాత్రమే. ఆ రోజుల్లో ఇన్‌కమింగ్ ఇవ్వాలని అందులో ఎక్కడా లేదు. నంబరు మీ పేరు మీదే ఉంటుంది, ఫోను మాత్రం మోగదు. చేసినవాళ్లకు "ఈ నంబరుకు ఇన్‌కమింగ్ సదుపాయం లేదు" అని వినిపిస్తుంది.

ఆ 20 రూపాయలైనా సరిగ్గా పడతాయా? పడవు. 20 టాప్‌అప్ వేయించండి. 18 శాతం జీఎస్టీ పోతే 16.95, ప్రాసెసింగ్ ఫీజు 2 రూపాయలు పోతే 14.95. మెయిన్ బ్యాలెన్స్‌లో చేరేది అంతే, రూలు అడిగే 20కి అయిదు రూపాయలు తక్కువ. దాని మీద ఇంకో 10 వేయిస్తే 7.47 కలిసి 22.42 అవుతుంది. అంటే 20 రూపాయల రూలుకు 30 రూపాయలు పెట్టాలి. 199 ప్యాకు వేయించినా, ఏడాది ప్యాకు వేయించినా మెయిన్ బ్యాలెన్స్‌లో పైసా చేరదు. ఈ ముక్క ఏ కౌంటర్లోనూ చెప్పరు, ఏ వీడియోలోనూ లేదు.

ఇంతకన్నా పెద్ద అన్యాయం ఇంకోటి ఉంది. వాడకం లేదని 90 రోజులు లెక్కపెడుతున్నారు కదా, వచ్చిన కాల్ ఎత్తినా అది వాడకమే. ప్యాకు అయిపోగానే అవుట్‌గోయింగ్ తీసేసి, కొన్ని రోజులకు ఇన్‌కమింగ్ కూడా ఆపేది కంపెనీయే. వాడనివ్వకుండా ఆపి, వాడలేదని నంబరు తీసేసుకుంటే ఆ మనిషి ఏం చేయాలి? నంబరు పోయాక 90 రోజులు ఆగి ఇంకొకరికి ఇస్తారు. బ్యాంకులో, ఆధార్‌లో, పీఎఫ్‌లో, గ్యాస్ ఏజెన్సీలో ఉన్నది ఆ పాత నంబరే. ఎవరి చేతికో వెళ్లిన సిమ్‌కు వీళ్ల మెసేజ్‌లు పోతాయి.

ఈ దేశంలో నంబరు ఇప్పుడు సరదా వస్తువు కాదు. సిలిండర్ తెచ్చిన కుర్రాడికి నాలుగంకెల కోడ్ చెప్పాలి. ఆధార్‌లో చిరునామా మార్చాలన్నా, పీఎఫ్ డబ్బు తీయాలన్నా ఓటీపీ రావాలి. ప్రతి పథకానికీ మొబైల్ నంబరు ముడిపెట్టింది ప్రభుత్వాలే. ముడిపెట్టినప్పుడు ఆ ఓటీపీ చేరే దారిని కూడా ప్రభుత్వమే కాపాడాలి.

"నచ్చకపోతే వేరే నెట్‌వర్క్‌కు మారండి" అంటారు. మారాలంటే 1900కి పోర్ట్ ఎస్సెమ్మెస్ పంపాలి. ఏ ప్యాకులో ఉన్నా ఆ మెసేజ్ వెళ్లనివ్వాలని 2021 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది, ధన్యవాదాలు.  కానీ ఎటు మారినా అవే 28, 84 రోజుల ప్యాకులు. ప్రభుత్వ సంస్థ కూడా ధర కదపకుండా రోజులు కోసే పద్ధతే పట్టింది. అది ఇంకా బాధ.

ఫిర్యాదు చేసే దారి కూడా మీకు తెలుసు. కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి చేస్తే డాకెట్ నంబరు ఇస్తారు, తర్వాత అప్పీలు, అదీ కంపెనీలోనే. ట్రాయ్ విడి మనుషుల ఫిర్యాదులు తీసుకోదు. మీ శాఖకు రాస్తే మళ్లీ కంపెనీకే పంపుతుంది. ఎవరి మీద ఫిర్యాదో వాళ్లే తీర్పరులైతే మేం ఎక్కడికి పోవాలి?

ధరలు మేం నిర్ణయించం అని మీరంటారు. సరే, వద్దు. ఇన్‌కమింగ్, ఓటీపీ ఆపొద్దని ఒక్క ఆదేశం ఇప్పించండి, దానికి ధరతో పని లేదు. నంబరు ఉన్నన్నాళ్లూ ఇవి రావాలి. 20 రూపాయల రూలుకు 20 రూపాయల టాప్‌అప్ సరిపోయేలా చేయండి. డేటా లేని ప్యాకు 30 రోజులకు ఇవ్వమనండి, యాప్‌లో మొదటి వరసలో పెట్టమనండి. నంబరు తీసేసే ముందు తెలుగు మనిషికి తెలుగులో చెప్పమనండి. రెండు తెలుగు రాష్ట్రాలూ టెలికాం లెక్కల్లో ఇప్పటికీ ఒకే సర్కిల్, అదేమంత కష్టం కాదు. ఇంగ్లిష్ మెసేజ్ కీప్యాడ్ ఫోనులో పడితే, ఆ ఫోను పట్టుకున్న అవ్వకు అది చదివిపెట్టేవాళ్లు ఇంట్లో ఉండరు. పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఉంటారు. వాళ్లు ఫోను చేస్తేనే ఆమెకు కబురు.

ఈ నాలుగో విన్నపాన్నయినా కంపెనీకి పంపకండి. మీరే చదవండి, మీరే జవాబు రాయండి.

ఇట్లు,
ఒక ప్రీపెయిడ్ వినియోగదారు