కెమెరా ప్రకటనల్లో సెన్సర్ కొలతలు మిల్లీమీటర్లలో ఇవ్వాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

పండుగల రోజులు దగ్గరపడేసరికి మీ పత్రిక జిల్లా సంచికలో కెమెరా దుకాణాల ప్రకటనలు వరుసగా కనబడుతుంటాయి. వాటిలో మెగాపిక్సెళ్లు పెద్ద అక్షరాల్లోను, తగ్గింపు ధర అంతకన్నా పెద్ద అక్షరాల్లోను ఉంటాయి. కానీ కొనేవారికి నిజంగా పనికొచ్చే రెండు సంగతులు, అంటే వెలుతురును పట్టి బొమ్మగా మార్చే సెన్సర్ పొడవు వెడల్పులు ఎన్ని మిల్లీమీటర్లో, లెన్సు ఎంతవరకు తెరుచుకుంటుందో, ఎక్కడా ఉండవు. ఈ లోపం వల్ల గడిచిన ఏడాదిలో నాకు కావలసిన వాళ్లు ఇద్దరు పొరబడ్డారు. ఒకరు పెద్ద సెన్సర్ కాంపాక్ట్ (లెన్సు ఊడిరాని చిన్న కెమెరాల్లో కాస్త పెద్ద సెన్సర్ ఉన్నది) కొన్నారు, మరొకరు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని, లెన్సులు మార్చుకునే కెమెరా) కొన్నారు, ఇద్దరూ తప్పుడు కారణంతోనే కొన్నారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటివారు నాతోపాటు పనిచేసి ఉద్యోగ విరమణ చేసిన సోషల్ మాస్టారు. శ్రీముఖలింగం గుడి ద్వారబంధాల మీది శిల్పాలను, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాల శిథిలాలను తీరిగ్గా ఫొటోలు తీసుకోవాలని ఆయన చిరకాల కోరిక. దుకాణంలో రెండు కెమెరాలు ముందుపెట్టి తేడా అడిగితే, కౌంటరులో ఉన్నవారు ‘ఈ మిర్రర్‌లెస్ సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లండి, ఈ కాంపాక్ట్‌ది అంగుళం సెన్సర్, అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు కదా, కాబట్టి చిన్న కెమెరాలోదే పెద్ద సెన్సర్’ అని చెప్పారట. చెప్పినవారికి మోసం చేసే ఉద్దేశం ఉందని నేను అనుకోను. పెట్టె మీద ఉన్న మాటను ఉన్నట్టు చదివి ఉంటారు. తప్పు ఆ పేరులోనే ఉంది.

అంగుళం సెన్సర్ అన్న పేరు పాతకాలపు టీవీ కెమెరాల నుంచి వచ్చింది. సెన్సర్లు రాకముందు ఆ కెమెరాల్లో బొమ్మను పట్టడానికి గాజు గొట్టాలు వాడేవారు, ఆ గొట్టం బయటి వ్యాసాన్ని బట్టి అంగుళం గొట్టం, అరంగుళం గొట్టం అని పిలిచేవారు. గొట్టం లోపల బొమ్మ పడే చోటు మాత్రం దానికన్నా చాలా చిన్నది. గొట్టాలు పోయి సెన్సర్లు వచ్చాయి గాని ఆ లెక్క పోలేదు. నేటి అంగుళం సెన్సర్ అసలు కొలత 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే సుమారు బొటనవేలి గోరంత. మూల నుంచి మూలకు కొలిచినా 16 మిల్లీమీటర్లు దాటదు. ఎక్కువ మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 23.5కు 15.6 మిల్లీమీటర్లు, పాత ఫిల్ము ఫ్రేమంత ఉండే ఫుల్‌ఫ్రేమ్ 36కు 24. చదరపు మిల్లీమీటర్లలో లెక్కవేస్తే అంగుళం సెన్సర్ 116, ఏపీఎస్-సీ దాదాపు 367, ఫుల్‌ఫ్రేమ్ 864. మాస్టారికి పెద్దదని చెప్పి ఇచ్చిన సెన్సర్, నిజానికి రెండోదానిలో మూడో వంతుకు కూడా రాదు. శిల్పాలు కదలవు, ఆరుబయట వెలుతురుకు కొదవలేదు కనుక ఆయన పనికి ఆ కెమెరా చక్కగా సరిపోయింది. అయినా లేని గుణం చూపించి అమ్మడం తప్పే.

రెండోవాడు విజయనగరంలో ఉంటున్న నా మేనల్లుడు. వాడు దీనికి తలకిందులుగా పొరబడ్డాడు. సెన్సర్ల కొలతలన్నీ చదివి, ఏపీఎస్-సీ పెద్దది కాబట్టి మసక వెలుతురులో కాంపాక్ట్ కన్నా మూడు రెట్లు మెరుగన్న నమ్మకంతో మిర్రర్‌లెస్ కొన్నాడు. దానితో పాటు వచ్చిన కిట్ లెన్సు 16 నుంచి 50 మిల్లీమీటర్ల జూమ్ (లెన్సుల విషయంలో ఈ అంకె పెరిగేకొద్దీ దూరపువి దగ్గరగా కనబడతాయి). అది దగ్గరి కొసన ఎఫ్ 3.5 వరకు, దూరపు కొసన ఎఫ్ 5.6 వరకు మాత్రమే తెరుచుకుంటుంది (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకున్నట్టు). నా దగ్గరున్నది ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 24 నుంచి 70 మిల్లీమీటర్లకు సమానమైన జూమ్ ఉన్న అంగుళం సెన్సర్ కాంపాక్ట్. దాని లెన్సు దగ్గరి కొసన ఎఫ్ 1.8, దూరపు కొసన ఎఫ్ 2.8.

గత కార్తీకంలో వాడు పొందూరు వచ్చినప్పుడు, మాకు పెద్దమ్మ వరుసయ్యే ఒకావిడ ఇంట్లో నూలు వడకడాన్ని ఫొటోలు తీద్దామని ఇద్దరం వెళ్లాం. పొందూరు ఖాదీ గురించి మీ పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద అంత సన్నని నూలు తీసే పని అది. ఆ ఇంట్లోకి వెలుతురు వచ్చేది ఒక్క వీధి గుమ్మం నుంచే. ఆవిడ గుమ్మానికి పక్కగా కూర్చుని కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేతిలోని ఏకును మెల్లగా వెనక్కి లాగుతుంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి నూలుపోగు పుట్టుకొస్తుంది. ఆ రెండు వేళ్లూ స్పష్టంగా కనబడాలి, పోగు వెలుతురులో మెరవాలి. చెయ్యి ఆగకుండా కదులుతుంటుంది కనుక షట్టర్, అంటే వెలుతురును లోపలికి వదిలే తలుపు, సెకనులో 125వ వంతు కన్నా నెమ్మదిగా ఉంటే వేళ్లు అలుక్కుపోతాయి. కెమెరాలో వణుకును ఆపే ఏర్పాటు ఎంత గొప్పదైనా మన చేతి వణుకునే ఆపుతుంది గాని రాట్నం తిప్పే చేతిని ఆపలేదు. మా తంటాలు చూసి ఆవిడ ‘ఇంకెంత సేపు నాయనా, నూలు తెగిపోతంది’ అంది.

ఇంటికొచ్చి రెండు కెమెరాల ఫొటోలూ కంప్యూటరులో పక్కపక్కన పెట్టి చూశాం. రెండూ జూమ్‌ను దూరపు కొసకు లాగి తీసినవే. నా దాంట్లో ఐఎస్‌ఓ (చాలని వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపుతుందో చెప్పే అంకె, పెరిగితే బొమ్మ గరుకవుతుంది) 1600, వాడి దాంట్లో 6400. గరుకుదనం రెండింటిలోనూ ఒకేలా ఉంది. నిజం చెప్పాలంటే నాదే వెంట్రుకవాసి మేలు. ‘మావయ్యా, మీ సెన్సర్ నా దాంట్లో మూడో వంతు కదా, ఇదెలా?’ అని వాడు తెల్లబోయాడు. ఇందులో మాయ ఏమీ లేదు. ఎఫ్ 2.8 దగ్గర లెన్సు సెన్సర్ మీద ప్రతి చదరపు మిల్లీమీటరుకూ ఎఫ్ 5.6 కన్నా నాలుగు రెట్లు వెలుతురు పంపుతుంది. వాడి సెన్సర్ నా దానికి మూడు రెట్లకు కాస్త ఎక్కువ. మూడు రెట్లు పెద్ద గిన్నె పట్టుకుని, నాలుగో వంతు ధార వచ్చే కుళాయి కింద నిలబడితే ఎంత నిండుతుందో అంతే నిండింది.

అలాగని మిర్రర్‌లెస్ తక్కువదని నేను అనను. మర్నాడు వాడు స్నేహితుడి దగ్గర 35 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు అడిగి తెచ్చి, అదే ఇంట్లో, అదే గుమ్మం పక్కన, కాస్త దగ్గరగా కూర్చుని మళ్లీ తీశాడు. అదే షట్టరుకు ఐఎస్‌ఓ 640కి దిగింది. పెద్దమ్మ బొటనవేలి మీద ఏళ్ల తరబడి నూలు ఒరిసి పడిన సన్నని గాడి కూడా ఆ ఫొటోలో కనబడింది. వెనకనున్న గోడ మెత్తగా కరిగిపోయి, పోగు ఒక్కటే వెండితీగలా నిలిచింది. నా కాంపాక్ట్‌తో ఎన్ని తిప్పలు పడినా ఆ ఫొటో రాదని నేను ఒప్పుకొన్నాను. కెమెరా మారలేదు, లెన్సు మారింది, అంతే.

కాబట్టి ఈ రెండింటిలో ఏది కొనాలని అడిగేవారిని నేను ముందుగా అడిగేది ఒక్కటే: రెండో లెన్సు కొంటారా? కొంటాను, కొనగలను, దాన్ని సంచిలో వేసుకుని తిరుగుతాను అనేవారికి మిర్రర్‌లెస్ తప్ప మరోటి చెప్పను. కిట్ లెన్సుతోనే కాలక్షేపం చేసేవారు మాత్రం పెద్ద సెన్సర్‌కు డబ్బు కట్టి, దాని ఫలితాన్ని చిన్న లెన్సుకు ఒదులుకుంటున్నారు. వారికి మంచి లెన్సున్న కాంపాక్టే నయం. మొదటి మిర్రర్‌లెస్ కెమెరా, పానాసోనిక్ జీ1, 2008లో వచ్చింది. సోనీ ఆర్‌ఎక్స్100 అంగుళం సెన్సర్‌ను జేబులో పట్టేలా చేసింది 2012లో. ఇన్నేళ్లయినా మన దుకాణాల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగడం నేను వినలేదు.

పెద్ద సెన్సర్ కాంపాక్ట్ అంటే అంగుళం సెన్సరే అనుకోవడం కూడా సరికాదు. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 వరుసలోను, రికో జీఆర్ వరుసలో 2013 నుంచి వచ్చిన వాటిలోను మిర్రర్‌లెస్‌లో ఉండే ఏపీఎస్-సీ సెన్సరే ఉంటుంది. వాటిలో జూమ్ ఉండదు, ఊడదీయలేని ఒకే లెన్సు. ఎక్స్100ది ఎఫ్ 2, జీఆర్‌ది ఎఫ్ 2.8. దగ్గరికి కావాలంటే నడిచి వెళ్లాలి. వీటి షట్టర్ లెన్సులోనే ఉండటం వల్ల నొక్కితే దాదాపు చప్పుడు ఉండదు. నూలు వడికే ఇంట్లో, పెళ్లి పీటల దగ్గర దాని విలువ తెలుస్తుంది. మిర్రర్‌లెస్‌లోనూ చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ ఉంటుంది గాని, చాలా కెమెరాల్లో అది బొమ్మను పైనుంచి కిందకు వరుసగా చదువుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కావడంతో ట్యూబులైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, వాటి కింద తీస్తే ఫొటో మీద అడ్డచారలు పడతాయి. ఇక ఈ కాంపాక్ట్‌లు చవక అని మాత్రం ఎవరూ ఆశపడొద్దు. కిట్ లెన్సుతో వచ్చే మిర్రర్‌లెస్ కన్నా వీటి ధరే ఎక్కువ ఉండటం మామూలే.

మన జిల్లాల్లో ఏది ఎక్కడ పనికొస్తుందో కూడా చెప్పాలి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టే పెలికాన్లను, పెయింటెడ్ స్టార్కులను తీయాలంటే నా కాంపాక్ట్ వట్టి దండగ. చెట్టు కొమ్మన తెల్లని చుక్క పడుతుంది. మిర్రర్‌లెస్‌కు 300 మిల్లీమీటర్ల లెన్సు తగిలిస్తే, ఏపీఎస్-సీ మీద అది 450లా పనిచేసి, పిల్లకు మేత పెట్టే తల్లి ముక్కు దాకా చూపిస్తుంది. విజయదశమి తరువాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమాను తిరిగేటప్పుడు మాత్రం ఇది తారుమారవుతుంది. కోటకూ గుడికీ మధ్య ఆ జనంలో లెన్సు మార్చడానికి చేతులు కూడదీసుకునే చోటు ఉండదు, ఊడదీసిన క్షణంలో దుమ్ము నేరుగా సెన్సర్ మీద కూర్చుంటుంది. సిరిమాను కొసన కూర్చున్న పూజారి, కింద భక్తులు, వాళ్లు విసిరే అరటిపళ్లు అన్నీ ఒకే ఫొటోలో రావాలంటే 24 మిల్లీమీటర్ల లెన్సు ఇచ్చే వెడల్పైన చూపుతో చొక్కా జేబులోంచి తీసే కెమెరాను మించింది లేదు.

కాంపాక్ట్ మీద నాకున్న ఒక పెద్ద ఫిర్యాదు దాచకూడదు. నా మొదటి కాంపాక్ట్‌ను కళింగపట్నం సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లినప్పుడు, గాలికి లేచిన ఇసుక ముందుకు పొడుచుకొచ్చే లెన్సు గొట్టంలో దూరి, గొట్టం బయటకూ రాక లోపలికీ పోక ఇరుక్కుపోయింది. విశాఖపట్నంలో బాగు చేసేవారికి చూపిస్తే లెన్సు మొత్తం మార్చాలన్నారు, చెప్పిన ఖర్చు కెమెరా ధరలో సగం దాటింది. అదే మిర్రర్‌లెస్ అయి ఉంటే కిట్ లెన్సు ఒక్కటే పోయేది, కెమెరా నిలిచేది. అప్పటినుంచి తీరానికి వెళ్తే కెమెరాను సంచిలోంచి తీయడమే గాలిని చూసుకుని తీస్తున్నాను. ఉప్పుగాలికి, తేమకు లెన్సుల్లో ఫంగస్ పట్టడం రెండు రకాలకూ ఉన్నదే. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేసి, నీలం గింజలు గులాబీ రంగుకు తిరగ్గానే వేడిచేసి ఆరబెట్టుకుంటే చాలావరకు తప్పుతుంది.

మెగాపిక్సెళ్ల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రకటనల్లో కనబడేది అదొక్కటే. 20 మెగాపిక్సెళ్ల ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేస్తే మన స్టూడియోల్లో ఇచ్చే 12కు 18 అంగుళాల ప్రింటు నిండుగా వస్తుంది. ఇంట్లో గోడకు అంతకన్నా పెద్దది తగిలించేవారు ఎంతమంది? ఆ అంకె పెరిగినంత మాత్రాన పెద్దమ్మ వేళ్లు స్పష్టంగా రావు.

అందువల్ల మీకు నా విన్నపం ఇది. కెమెరా ప్రకటనలు తీసుకునేటప్పుడు, సెన్సర్ పొడవు వెడల్పులను మిల్లీమీటర్లలోను, లెన్సు రెండు కొసల్లోనూ ఎంతవరకు తెరుచుకుంటుందో ఎఫ్ అంకెల్లోను ఒక్క వరుసలో చేర్చమని దుకాణాలవారిని మీ ప్రకటనల విభాగం అడగాలి. చిన్న అక్షరాల్లో ఉన్నా చాలు. అంగుళం అన్న మాట వాడితే పక్కన 13.2కు 8.8 అని వేయించాలి. ఒప్పుకోని దుకాణాలు ఉంటే ఉండొచ్చు గాని, ఒప్పుకున్న ఒకటి రెండింటిని చూసి మిగతావారూ వేస్తారని నా నమ్మకం. మా మేనల్లుడు ఆ 35 మిల్లీమీటర్ల లెన్సు సొంతానికి కొనుక్కున్నాడు. వచ్చే నెల మళ్లీ పొందూరు వస్తానన్నాడు. ఈసారి పత్తి దువ్వే చేప దవడను దగ్గరగా తీయాలట.

భవదీయుడు,
ఒక విశ్రాంత డ్రాయింగు మాస్టారు,
పొందూరు, శ్రీకాకుళం జిల్లా.