దీపావళి రాత్రి స్ప్రింగర్ కొట్టిన దెబ్బ

సియాటెల్
27 అక్టోబర్ 2025, అర్ధరాత్రి

ఒరేయ్ బావా,

ముందు తుపాను సంగతి. మొంథా మీ కాకినాడ వైపే వస్తోందని ఇక్కడ మనవాళ్ళ ఫోన్లన్నీ మోగిపోతున్నాయి. కరెంటు పోకముందే అన్నీ ఛార్జింగ్ పెట్టుకోండి. అత్తయ్యని మేడ మీద గదిలోకి మార్చు, ఆవిడ వద్దంటుంది, వినకు.

ఫోన్ ఎత్తట్లేదని తిట్టావుగా, కారణం చెప్తాను. బేస్‌బాల్! నవ్వకు. ఆర్సీబీ కోసం పదిహేడు సీజన్లు ఏడ్చినవాడివి, నీకు నవ్వే హక్కు లేదు. మీవాళ్ళు మొన్న జూన్‌లో కప్పు కొట్టేశారు. మా సియాటెల్ జట్టు మెరైనర్స్ 1977లో పుట్టి ఇప్పటికీ ఫైనల్ గడప తొక్కలేదు. ఇక్కడ ఫైనల్‌ని వరల్డ్ సిరీస్ అంటారు. 30 జట్లలో దాని మొహం చూడనిది మాదొక్కటే. 2001లో ఏకంగా 116 మ్యాచ్‌లు గెలిచి కూడా వెళ్ళలేదు. ఆ తర్వాత 2022 దాకా అసలు ప్లేఆఫ్సే లేవు.

ఈ ఏడు వేరు అనిపించింది. కాల్ రాలీ అని మా క్యాచర్, అంటే వికెట్ కీపర్ లాంటివాడనుకో, రోజూ మూడు గంటలు గొంతుక్కూర్చుని లేచేవాడు, సీజన్‌లో 60 హోమ్ రన్లు, అంటే మన సిక్సర్ల లాంటివి, కొట్టాడు. ఆ పని చేసేవాడు అన్ని కొట్టడం ఇంతకుముందెన్నడూ లేదు.

ప్లేఆఫ్స్‌లో డెట్రాయిట్‌తో ఐదో మ్యాచ్‌కి, అక్టోబర్ 10న, స్టేడియానికి వెళ్ళాను. ఓడితే ఇంటికే. వాళ్ళ బౌలర్ స్కూబల్ ఆరు ఇన్నింగ్స్‌లో 13 మందిని నిలబెట్టి అవుట్ చేశాడు. మావాళ్ళు బ్యాటు ఊపుతుంటే దోమల్ని తోలుతున్నట్టుంది. వాడు దిగిపోయాక ఏడో ఇన్నింగ్స్‌లో స్కోరు 2-2 అయింది. ఇక అక్కడే ఆగిపోయింది. ఈ ఆట మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్, గడియారం చూసి ముగించడం ఉండదు, టై అయితే ఎవరో ఒకరు గెలిచేదాకా సాగుతూనే ఉంటుంది. పది, పదకొండు, పన్నెండు... నా పక్కన ఒక ముసలాయన, స్కోరు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ప్రతి బంతీ పెన్సిల్‌తో రాసుకుంటున్నాడు. పేజీలో గళ్ళు అయిపోతే అంచుల్లో గీతలు గీసుకుని మరీ రాశాడు. స్టేడియం వెనకే రైలు పట్టాలు, గూడ్స్ బండి హారన్ కొడితే జనం దానికీ అరిచారు. మామూలుగా మ్యాచ్ మొదట్లో దిగే పెద్ద బౌలర్లు గిల్బర్ట్, కాస్టియో కూడా చివర్లో దిగాల్సి వచ్చింది, ఎందుకంటే ఇంకెవరూ మిగల్లేదు. పదిహేనో ఇన్నింగ్స్‌లో మా పొలాంకో కొట్టిన బంతి కుడివైపు ఖాళీలో పడింది, క్రాఫర్డ్ పరిగెత్తుకొచ్చాడు, 3-2. దాదాపు ఐదు గంటలు! ముసలాయన నన్ను వాటేసుకున్నాడు. పేరు కూడా అడగలేదు.

ఆ తర్వాత టొరంటో బ్లూ జేస్. ఏడు మ్యాచ్‌లలో ముందు నాలుగు గెలిచినవాళ్ళు వరల్డ్ సిరీస్‌కి. వాళ్ళ ఊళ్ళో మొదటి రెండూ గెలిచాం. ఇంకేముంది అనుకుని వచ్చి మా ఊళ్ళో రెండు చిత్తుగా ఓడాం. ఐదోది మా సువారెజ్ గ్రాండ్ స్లామ్‌తో, అంటే ఒకే దెబ్బకి నాలుగు రన్లతో, గెలిపించాడు. ఆరోది పోయింది. ఏడో మ్యాచ్ ఎప్పుడో తెలుసా? సోమవారం, 20వ తేదీ. దీపావళి!

మీ చెల్లెలు గుమ్మంలో ప్రమిదలు సర్దుతోంది. నేను నూనె పోస్తూ ఫోన్‌ని తులసి కుండీకి ఆనించాను. "లక్ష్మీదేవి ముందా, ఆ ఆట ముందా?" అంది. రెండూ అన్నాను. అప్పటికి 3-1తో మాదే పైచేయి, ఇంకో ఎనిమిది అవుట్లు చాలు. ఏడో ఇన్నింగ్స్, రన్ పూర్తిచేయడానికి బేస్‌ల మీద కాచుకుని టొరంటోవాళ్ళు ఇద్దరు, బ్యాటింగ్‌కి వాళ్ళ జార్జ్ స్ప్రింగర్. ఐదో మ్యాచ్‌లో బంతి తగిలి మోకాలికి దెబ్బ తిన్నవాడు. మా మేనేజర్ బౌలింగ్‌కి బజార్డోని దింపాడు. బంతి ఎడమవైపు గోడ దాటింది. మూడు రన్లు. చేతిలో నూనె గిన్నె అలాగే ఉంది, సగం మెట్ల మీద పోయింది.

ఇప్పుడు ఊళ్ళో ఎవరిని కదిపినా ఇదే గొడవ. మునోజ్ మా అసలు క్లోజర్, చివర్లో తాళం వేసేవాడు. అప్పుడు వాణ్ణెందుకు దింపలేదు? బజార్డో ఈ నెలంతా బాగానే వేశాడు, ఒప్పుకుంటాను. కానీ ఏడో మ్యాచ్ రా ఇది, రేపన్నది లేదు. తొమ్మిదో ఇన్నింగ్స్ కోసం దాచుకుంటే, అక్కడ కాపాడ్డానికి ఏం మిగిలింది? చివరికి 4-3. ఆఖరి అవుట్ హూలియో రోడ్రిగెజ్. తర్వాత రావాల్సింది రాలీ, బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు, వంతే రాలేదు. ఆ సీన్ తలుచుకుంటే అన్నం సయించదు.

సరే, ఇప్పుడు వరల్డ్ సిరీస్‌లో ఎవరికి చప్పట్లు కొట్టాలి? టొరంటోకి ఛస్తే కొట్టను. ఏటా వేసవిలో వాళ్ళ అభిమానులు వాంకూవర్ నుంచి సరిహద్దు దాటొచ్చి మా స్టేడియం నిండా నీలం చొక్కాలతో కూర్చుంటారు, మన గ్రౌండ్లో మనమే అతిథులం. అవతల లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ డబ్బున్నోళ్ళు, గెలిచినా సంబరం ఉండదు. అయినా చూస్తున్నాను. ఈ రాత్రి మూడో మ్యాచ్ 18 ఇన్నింగ్స్ నడిచింది, ఇప్పుడే అయిపోయింది, ఫ్రీమన్ హోమ్ రన్‌తో 6-5 డాడ్జర్స్‌ది. వాళ్ళ ఒహ్తానీ తొమ్మిదిసార్లు బ్యాటింగ్‌కొస్తే తొమ్మిదిసార్లూ బేస్ ఎక్కాడు. టొరంటోవాళ్ళు భయపడి నాలుగుసార్లు కొట్టనివ్వకుండా కావాలనే మొదటి బేస్‌కి నడిపించేశారు. రేపు నాలుగో మ్యాచ్‌లో బౌలింగ్ మొదలుపెట్టేది కూడా వాడే! పొద్దున తొమ్మిదింటికి నాకు మీటింగ్ ఉంది, కెమెరా పనిచేయట్లేదని చెప్పేస్తాను.

గాలి తగ్గగానే ఒక్క మెసేజ్ పెట్టు. అర్ధరాత్రయినా సరే, ఎలాగూ మేలుకునే ఉంటాను.

నీ
బావ