సొంత కొవ్వే కదా అంటే సరిపోదు

సంపాదకుడు గారికి,

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఒంట్లోని కొవ్వునే తీసి రొమ్ముకు ఎక్కించే పద్ధతి గురించి మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. చాలావరకు బాగానే రాశారు. ‘సొంత కొవ్వే కాబట్టి ఏ ప్రమాదమూ ఉండదు’ అన్న వాక్యం మాత్రం మింగుడుపడలేదు. ఆ చికిత్స చేయించుకున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం.

నాకు రొమ్ము మొత్తం తీయలేదు. గడ్డ ఉన్న భాగం తీసి రేడియేషన్ ఇచ్చారు. అక్కడ సొట్ట పడింది, చర్మం బిగుసుకుపోయింది. రెండేళ్ల తర్వాత పొట్ట దగ్గరి కొవ్వు లాగి, శుభ్రం చేసి, సన్న గొట్టంతో కొద్దికొద్దిగా ఆ సొట్టలోకి ఎక్కించారు. ఫలితం బాగుంది, అట్టలా ఉన్న చర్మం కూడా కాస్త మెత్తబడింది. ఎనిమిది నెలలకు స్నానం చేస్తుంటే చేతికి గట్టిగా గడ్డ తగిలింది. ఆ వారం మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చూసిన రేడియాలజిస్టు కూడా అనుమానంగానే ఉందన్నారు. చివరికి చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్షలో తేలిందేమిటంటే, అది రక్తం అందక చచ్చిన కొవ్వు. అంతే! నాకు కొవ్వు ఎక్కించారన్న సంగతే ఆ రేడియాలజిస్టుకు తెలియదు. డిశ్చార్జి కాగితంలో ‘రీకన్‌స్ట్రక్షన్’ (రొమ్మును తిరిగి తీర్చిదిద్దడం) అని ఒక్క మాట రాసి వదిలేశారు.

ఇలాంటి గడ్డలు అరుదేమీ కావని తర్వాత తెలుసుకున్నాను. ఎక్కించిన కొవ్వుకు సొంత రక్తనాళాలు ఉండవు. చుట్టుపక్కల కణజాలం నుంచి రక్తం అందితేనే బతుకుతుంది. అందుకే చుక్కలు చుక్కలుగా పరిచినట్టు ఎక్కిస్తారు. ఒకేచోట ఎక్కువ పడితే మధ్యలోది చచ్చి గడ్డ కడుతుంది, లేదా నూనె తిత్తిగా మారుతుంది, కొన్నాళ్లకు సున్నం (కాల్షియం) పేరుకుంటుంది. ఎక్కించినదానిలో కొంత ఒంట్లో కలిసిపోతుంది కాబట్టి రెండు మూడు సిట్టింగులు పట్టవచ్చు. ఇదీ ముందే చెప్పాల్సిన మాటే.

ఈ గడ్డలు, సున్నపు చుక్కలు స్కాన్‌లో క్యాన్సర్‌ను మరుగుపరుస్తాయన్న భయంతోనే 1987లో అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం రొమ్ములోకి కొవ్వు ఎక్కించవద్దంది. 2009లో అదే సంఘం నిపుణుల బృందం ఆ పట్టు సడలించింది, ఫలితం సర్జన్ నైపుణ్యం మీద ఆధారపడి ఉంటుందని కూడా చెప్పింది.

అందరూ అసలు భయపడేది వేరే ప్రశ్నకు: క్యాన్సర్ తిరగబెడుతుందా? కొవ్వులోని మూలకణాలు (స్టెమ్ సెల్స్, అంటే కొత్త కణాలుగా మారగలవి) క్యాన్సర్ కణాల పెరుగుదలకు ఊతమిస్తాయని ప్రయోగశాలలో కనిపించిన మాట నిజం. రోగుల విషయంలో మాత్రం ఇప్పటివరకు వచ్చిన లెక్కలు మొత్తమ్మీద ధైర్యాన్నే ఇస్తున్నాయి. నెదర్లాండ్స్ వైద్యులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 600 మందిని, అంటే కొవ్వు ఎక్కించుకున్నవారిని, ఎక్కించుకోనివారిని పోల్చి చూశారు. సగటున ఐదేళ్లు గమనించినా తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంతకుముందు మిలాన్ వైద్యుల పరిశీలనలో, పాలనాళాలు దాటని తొలి దశ క్యాన్సర్ వచ్చి కొవ్వు ఎక్కించుకున్నవారిలో తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. అది చిన్న గుంపు, దాన్నిబట్టి తీర్పు చెప్పలేం. అలాగని దాచాల్సిన పనీ లేదు.

ఈ ధైర్యమంతా మామూలు కొవ్వుకే వర్తిస్తుంది. ‘మూలకణాలు అదనంగా కలిపిన కొవ్వు’ అంటూ ప్రకటనలు కనిపిస్తున్నాయి. క్యాన్సర్ వచ్చిపోయిన రొమ్ములో వాటిని అదనంగా కలపడం వేరే సంగతి, పైన చెప్పిన లెక్కలు దానికి పూచీ ఇవ్వవు. అలాంటి ప్రకటనలను వార్తల రూపంలో వేయవద్దని మీకు నా విన్నపం.

సర్జన్లను కోరేది పెద్ద విషయమేమీ కాదు. ఏ తేదీన, రొమ్ములో ఏ వైపు, ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కించారో రాసి రోగి చేతికివ్వండి. ఎక్కించే ముందు ఒక మామోగ్రామ్, కొన్ని నెలలకు మరొకటి తీయించి దాచుకోమనండి. రేపు గడ్డ తగిలితే పోల్చి చూడటానికి అవే ఆధారం. గడ్డ తగలవచ్చని, తగిలితే చచ్చిన కొవ్వేలే అని ఊరుకోకుండా చూపించుకోవాలని ముందే చెప్పండి. ఆ మాట విని ఉంటే పరీక్ష తప్పేది కాదేమో కానీ మా ఇంట్లో అంత టెన్షన్ ఉండేది కాదు.

ఇప్పుడు స్కానింగ్ గదిలోకి వెళ్లగానే నేను చేసే మొదటి పని ఆ వివరాల కాగితం బల్ల మీద పెట్టడం. దాన్ని రాయించుకోవడానికి మాత్రం ఆస్పత్రి చుట్టూ మూడుసార్లు తిరిగాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు