శీనూకి, కౌంటర్ కింద పెట్టె గురించి

ఒరేయ్ శీనూ,

మోటెల్ కౌంటర్ కింద సొరుగులో నార్కాన్ (మత్తుమందు ఎక్కువై ఊపిరి ఆగుతున్నవాడికి ముక్కులో కొట్టే నలాక్సోన్ స్ప్రే) పెట్టె పడేసి "అవసరమైతే వాడు" అని చెప్పి వెళ్ళిపోతే ఎలా రా అన్నావు కదా. నిజమే, దాన్ని ట్రైనింగ్ అనరు. ఒహాయోలో నైట్ షిఫ్టు చేసేవాడికి ఎప్పుడో ఒకప్పుడు అది అవసరం పడొచ్చు, అందుకే వివరంగా రాస్తున్నా. టీ పెట్టుకుని చదువు.

ముందు ఒక్కటి బుర్రలోకి ఎక్కించుకో. ఫెంటనిల్ అనే చాలా బలమైన మత్తుమందు ఎక్కువైనవాడికి ముందు ఆగేది ఊపిరి, గుండె ఆ తర్వాత. మెదడులో శ్వాసను నడిపించే భాగం మత్తులో పడిపోతుంది. నిమిషానికి పన్నెండు సార్లకు పైగా పీల్చాల్సినవాడు నాలుగైదు సార్లకి దిగుతాడు, ఆఖరికి అదీ ఉండదు. కాబట్టి వాణ్ణి లేపి కూర్చోబెట్టడం నీ పని కాదు, ఊపిరి ఆడేలా చూడటం నీ పని.

గుర్తులు: కంటిపాప సూదిమొనంత అయిపోతుంది. గొంతులో గుళగుళమని చప్పుడొస్తుంది. గురక పెడుతున్నాడులే అని తలుపేసి వెళ్ళిపోయేది ఇక్కడే. తెల్లవాళ్ళకి పెదాలు నీలంగా మారతాయి, మనలాంటి ఒంటిరంగు వాళ్ళకి బూడిద రంగు తిరుగుతాయి. అందుకని గోళ్ళూ, పెదవి లోపలి వైపూ చూడు. పిలిచినా పలకకపోతే రొమ్ము ఎముక మీద పిడికిలి కణుపులతో గట్టిగా రుద్దు. అప్పటికీ కదలకపోతే 911కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి పక్కన పడేయ్. "ఊపిరి తీసుకోవట్లేదు" అనీ, రూమ్ నంబరూ చెప్పు, చాలు.

తర్వాత స్ప్రే. వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద చెయ్యి పెట్టి తల వెనక్కి వంచు. నీ వేళ్ళు వాడి ముక్కుకి తగిలేదాకా నాజిల్ లోపలికి పెట్టి, కింది బొడిపెని బొటనవేలితో ఒక్కసారి గట్టిగా నొక్కు. పని చేస్తుందో లేదో చూద్దామని ముందు గాల్లోకి కొట్టకు. చాలామంది ఇదే చేస్తారు. ఒక్కో దాంట్లో ఒక్క మోతాదే ఉంటుంది, 4 మిల్లీగ్రాములు. గాల్లోకి పోతే పోయినట్టే.

మందు పనిచెయ్యడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ లోపు చేతులు కట్టుకుని నిలబడకు. గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, ఐదు సెకన్లకొకసారి నోట్లోకి ఊదు. ఛాతీ లేస్తోందో లేదో చూడు. ఎగశ్వాస తప్ప ఏమీ లేకుండా, నాడి కూడా అందకపోతే సీపీఆర్ (ఛాతీ నొక్కడం) మొదలుపెట్టు, 911 వాళ్ళు లెక్క చెబుతారు. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి అందుకోకపోతే రెండోది ఇంకో ముక్కులో కొట్టు. ఊపిరి మొదలై, కళ్ళు మాత్రం తెరవకపోతే కంగారుపడి మందు మీద మందు కొట్టకు. ఇప్పుడు సరుకులో జైలజీన్ అనే పశువుల మత్తుమందు కలుపుతున్నారు. అది ఫెంటనిల్, హెరాయిన్ జాతి (ఓపియాయిడ్) మందు కాదు, నలాక్సోన్‌కి లొంగదు. వాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టి కనిపెట్టుకుని ఉండు.

"ఎక్కువ పవరున్నది కొంటే మంచిదేమో" అంటారు. 8 మిల్లీగ్రాములది కూడా మార్కెట్లో ఉంది. న్యూయార్క్ రాష్ట్ర పోలీసులు రెండూ వాడి చూస్తే బతికినవాళ్ళ శాతంలో తేడా రాలేదు, వాంతులూ, మత్తు ఒక్కసారిగా దిగిపోతే వచ్చే విత్‌డ్రాయల్ బాధలూ మాత్రం దాదాపు రెట్టింపయ్యాయి. ఆ బాధతో లేచినవాడు తిట్టి, వెంటనే మళ్ళీ వాడటానికి పరిగెడతాడు. నలాక్సోన్ పనిచేసేది ముప్పై నుంచి తొంభై నిమిషాలు, లోపలున్న మత్తు అంతకన్నా ఎక్కువసేపు ఉండొచ్చు. అంబులెన్స్ వచ్చేదాకా పంపించెయ్యకు.

ముట్టుకుంటే నాకూ ఎక్కుతుందా అన్నావు. చర్మానికి పొడి అంటినంత మాత్రాన అలా పడిపోరు రా. ముట్టుకున్నందుకే పడిపోయామనే పోలీసుల వీడియోలు చూసి భయపడకు. గ్లవ్స్ వేసుకో, చేతులు సబ్బుతో కడుక్కో.

ఈ పెట్టె మీదాకా రావడానికి చాలా ఏళ్ళే పట్టింది. 1996లో వచ్చిన ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్రతో మొదలైన గొడవ, 2010 తర్వాత హెరాయిన్‌కీ, 2013 నుంచి ఫెంటనిల్‌కీ మళ్ళింది. మీ రాష్ట్రంలోనే పోర్ట్స్‌మత్ అనే చిన్న ఊరు నొప్పి మాత్రల క్లినిక్కులకి పేరుపడింది. నలాక్సోన్‌ని మామూలు జనం చేతికిచ్చే 'ప్రాజెక్ట్ డాన్' కూడా ఆ ఊళ్ళోనే 2012లో మొదలైంది. దేశమంతా ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మొచ్చని ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ) ఒప్పుకున్నది 2023 మార్చిలో. అంటే పదకొండేళ్ళు! రెండు మోతాదుల పెట్టె 2023లో షాపులో సుమారు 45 డాలర్లు ఉండేది. మీకు ఉచితంగానే వస్తుంది, కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌ని అడగమను. 2022లో దేశమంతా కలిపి అన్ని మత్తుమందులకీ దాదాపు 1,08,000 మంది పోతే, 2024లో ఆ లెక్క సుమారు 80,000కి దిగింది. అదంతా స్ప్రే పుణ్యమే అంటే నేనొప్పుకోను. సరుకు మారింది, వాడేవాళ్ళు తగ్గారు, చికిత్స పెరిగింది.

అలవాటు మాన్పించే చికిత్సలో ఒక ముఖ్యమైన మందు బ్యుప్రెనార్ఫిన్. అది రాయడానికి డాక్టర్లకి ప్రత్యేక అనుమతి కావాలన్న రూలు 2022 డిసెంబర్ చట్టంతో పోయింది. అయినా చాలా ఫార్మసీల్లో "స్టాక్ లేదు" అనే మాటే వినపడుతుంది. నాలుక కింద కరగాలి, మింగితే దండగ. ఒంట్లో ఫెంటనిల్ ఇంకా ఉండగానే వేస్తే విత్‌డ్రాయల్ ఒక్కసారిగా మీద పడుతుంది. అది చూసి మందే చెడ్డదని వదిలేస్తారు. జైలు నుంచో డీటాక్స్ (మత్తు మాన్పించే కేంద్రం) నుంచో బయటికొచ్చిన మొదటి రెండు వారాలే అన్నిటికన్నా ప్రమాదం. తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది, పాత మోతాదే వేసుకుంటారు. రూమ్ దిగేవాళ్ళలో అలాంటివాళ్ళు ఉంటారు, ఎవరినీ అనుమానంగా చూడక్కర్లేదు గానీ.

ఇక మీ మోటెల్ పని. స్ప్రే కారులో పెట్టకు. సుమారు మైనస్ పదిహేను డిగ్రీల కింద గడ్డకట్టి నొక్కినా రాదు. సొరుగుకి తాళం వద్దు. మాస్టర్ కీ పక్కనే పెట్టు. బాత్రూమ్ తలుపు లోపలికి తెరుచుకునేదైతే, అవతల పడినవాడి ఒళ్ళే తలుపుకి అడ్డమై తెరుచుకోదు. కొత్తగా బిగించేటప్పుడు బయటికి తెరుచుకునేలా పెట్టమని ఓనర్‌కి చెప్పు. ఎక్స్‌పైరీ తేదీ పెట్టె మీద రాసి ఉంటుంది, ఫోన్‌లో ఎక్కించుకో. ఇంకో షిఫ్టువాడికి కూడా ఇదంతా చెప్పు, ఒక్కడికే తెలిస్తే లాభం లేదు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. పిల్లాడి ఫోటోలు పంపరా, నెల నుంచీ అడుగుతున్నా.

నీ
రవి